మట్టిలో కలిసే ప్లాస్టిక్ మీద లోహపు పూత: ఎండబెట్టడం నుంచి టేపు పరీక్ష దాకా

వడ్డేశ్వరం, వడ్లమూడి వైపు కాలేజీ పిల్లల నుంచి ప్రాజెక్టుల సీజన్‌లో వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే. "పీఎల్ఏ షీటు మీద అల్యూమినియం కోటింగ్ వేశాం. చాంబర్‌లోంచి తీసినప్పుడు తళతళా మెరిసింది. మర్నాటికి పగుళ్లు వచ్చాయి. టేపు అంటించి లాగితే మొత్తం ఊడొచ్చింది. తప్పెక్కడ జరిగింది?"

పీఎల్ఏ అంటే మొక్కల పిండి పదార్థం నుంచి చేసే, కంపోస్ట్‌లో కుళ్లే ప్లాస్టిక్ (పాలీలాక్టిక్ యాసిడ్). తప్పు చాలాసార్లు షీటు చాంబర్‌లోకి (గాలి తీసేసి లోహపు పూత వేసే పెట్టెలోకి) వెళ్లకముందే జరిగిపోయి ఉంటుంది. గాజు మీద, సిలికాన్ మీద పూత వేసిన అలవాటుతో ప్లాస్టిక్‌నీ అలాగే తుడుస్తాం, అలాగే బిగిస్తాం, అలాగే వేడెక్కనిస్తాం. పీఎల్ఏ మాత్రం 55-60 డిగ్రీల సెల్సియస్‌కే మెత్తబడుతుంది. గాలిలోని తేమ పీల్చుకుంటుంది. అసిటోన్ తగిలితే ఉబ్బి తెల్లబడుతుంది.

అందుకే ఇక్కడ సగం చోటు ముందు ఏర్పాట్లకే ఇచ్చాను. ఉదాహరణగా 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పీఎల్ఏ షీటు, దాని మీద అల్యూమినియం పూత తీసుకున్నాను. వేరే ప్లాస్టిక్, వేరే లోహం అయితే ఏం మారుతుందో వచ్చినచోట చెబుతాను.

1. పూత ఎందుకో ముందు తేల్చుకోండి

"మెటల్ కోటింగ్ వేద్దాం" అని మొదలుపెడితే మందం ఎంతో తేలదు. పని తేలితే మందం దానంతటదే తేలుతుంది.

- తేమ, ఆక్సిజన్, వెలుతురు అడ్డుకోవాలంటే: అల్యూమినియం 30-50 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). బజార్లో దొరికే చిప్స్ ప్యాకెట్ల లోపలి మెరుపు కూడా దాదాపు ఈ మందమే.
- కరెంటు పారాలంటే (సెన్సర్, ఎలక్ట్రోడ్): అల్యూమినియం, వెండి లేదా రాగి 100 నానోమీటర్లు, ఆపైన.
- సూక్ష్మజీవులు పెరగకూడదంటే: వెండి కొన్ని నానోమీటర్లు చాలు. పొర అతుకు లేకుండా ఉండాల్సిన పనికూడా లేదు.
- వాడాక లోహం కూడా నీళ్లలో కరిగిపోవాలంటే: మెగ్నీషియం, జింక్. మెగ్నీషియం తేమకే పాడవుతుంది కాబట్టి నిల్వ కష్టం.

గుంటూరులో ఎక్కువమంది ఆలోచించేది కారంపొడి ప్యాకెట్ గురించి. మిరప ఎరుపుకి వెలుతురు, ఆక్సిజన్ రెండూ శత్రువులే. ఉత్త పీఎల్ఏ నీటి ఆవిరిని సులువుగా వదిలేస్తుంది, అందుకే అల్యూమినియం పొర ఇక్కడ అర్థవంతమైన పని. ఒక చిక్కు మాత్రం ఉంది: లోహం ఉన్న వైపు వేడికి అతుక్కోదు. సీల్ పడాల్సిన వైపు ప్లాస్టిక్ ఉండేలా, లోహం మీద ఇంకో పీఎల్ఏ పొర అతికించేలా డిజైన్ మొదటే వేసుకోవాలి.

ఇంకో చిక్కు మన ఎండ. మే నెలలో రేకుల షెడ్డు గోడౌన్‌లో పైవరసలో పెట్టిన సరుకు ఎంత వేడెక్కుతుందో ఆ పని చేసేవాళ్లని అడగండి. మెత్తబడే ఉష్ణోగ్రతకి దగ్గరగా నిల్వ ఉన్న పీఎల్ఏ ప్యాకెట్ ముడుచుకుంటుంది, దాంతోపాటు లోహపు పొర చిట్లుతుంది. ఫ్రేములో బిగించి 100 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి స్ఫటికీకరణ పెంచితే షీటు వేడికి మరికొంత ఆగుతుంది. కానీ కాస్త మసకబారుతుంది, పెళుసెక్కుతుంది. ఎండాకాలం గోడౌన్ తప్పదనుకుంటే ఈ బేరం ఒప్పుకోవాల్సిందే.

2. కాగితం మీద లోహం లెక్క

ఈ మెట్టు దాదాపు అందరూ దాటేస్తారు. తీరా ప్రాజెక్టు అయిపోయాక "కంపోస్టబుల్ అని రాసుకోవచ్చా?" అని అడుగుతారు.

ప్యాకింగ్ వస్తువు కంపోస్టబుల్ అనిపించుకోవడానికి యూరప్ ప్రమాణం ఈఎన్ 13432లో కొన్ని లోహాలకి గరిష్ఠ పరిమితులున్నాయి. కిలో ఎండు పదార్థానికి రాగి 50, క్రోమియం 50, నికెల్ 25, జింక్ 150 మిల్లీగ్రాములు. అల్యూమినియం, టైటానియం ఆ పట్టికలో లేవు.

ఇప్పుడు మన షీటు చూడండి. పీఎల్ఏ సాంద్రత 1.24. 50 మైక్రాన్ల షీటు చదరపు మీటరు 62 గ్రాములు తూగుతుంది. దానికి రాగి వాటా 3.1 మిల్లీగ్రాములే. రాగి సాంద్రత 8.96తో భాగిస్తే వచ్చే మందం 0.35 నానోమీటర్లు, అంటే ఒకటి రెండు పరమాణువుల వరస. మీరు వేసిన పూత 5 నానోమీటర్లే అయినా పరిమితికి 14 రెట్లు దాటినట్టు.

క్రోమియం కూడా అంతే, 0.43 నానోమీటర్ల దగ్గర ఆగిపోవాలి. గాజు మీద పట్టు కోసం ముందు క్రోమియం వేసే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. ఇక్కడ దాన్ని వదిలేసి టైటానియం 3-5 నానోమీటర్లు వాడండి.

50 నానోమీటర్ల అల్యూమినియం చదరపు మీటరుకి 0.135 గ్రాములు, షీటు బరువులో 0.2 శాతం. అందుకే ప్యాకింగ్ పని అయితే అల్యూమినియం దాటి వెళ్లకండి అంటాను. రాగి, నికెల్ కావాలంటే వేయండి, ఎలక్ట్రానిక్స్ ప్రయోగంగా మంచిదే. దాని మీద కంపోస్టబుల్ అన్న మాట మాత్రం వాడకండి.

3. షీటు ఎంచుకోవడం

మొదటి ప్రయత్నానికి కొన్న పీఎల్ఏ ఫిల్మే మేలు. నలిపితే కరకరమని గట్టిగా చప్పుడు చేస్తుంది, గుర్తుపట్టడం తేలిక.

కూరగాయల కొట్లో ఇచ్చే "కంపోస్టబుల్" సంచులతో మొదలుపెట్టకండి. అవి ఎక్కువగా పీబీఏటీ (కంపోస్ట్‌లో కుళ్లే ఇంకో మెత్తటి ప్లాస్టిక్), పిండి పదార్థం కలిసిన మిశ్రమాలు. మెత్తగా సాగుతాయి. లోపలి పిండి రేణువుల వల్ల పైభాగం గరుకు, పైగా నీళ్లు పట్టి ఉంచుతాయి. లోహపు పొర ఒకటి రెండు శాతం సాగితేనే చిట్లడం మొదలవుతుంది. అంత సాగే గుణమున్న సంచి మీద పొర నిలబెట్టడం అనుభవం వచ్చాక చేయాల్సిన పని.

క్లోరోఫాంలో పీఎల్ఏ కరిగించి మీరే షీటు పోసుకుంటే ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లని బయటికి లాగేసే అరలోనే) చేయండి. పోసిన షీటులో మిగిలిపోయే క్లోరోఫాం రెండు రకాలుగా దెబ్బతీస్తుంది: షీటు ఇంకా తక్కువ వేడికే మెత్తబడుతుంది, వాక్యూమ్‌లో ఆవిరి వదులుతూ పూతని పాడుచేస్తుంది. ఒక పగలూ రాత్రీ గాలికి ఆరాక మరో రోజు వాక్యూమ్ ఓవెన్‌లో 40 డిగ్రీల దగ్గర పెట్టాలి. వాసన పోయింది కదా అని ఆపకండి. గంటల తేడాతో రెండుసార్లు తూచినప్పుడు బరువు ఒకేలా వస్తేనే ఆరినట్టు.

పీసీఎల్ (పాలీకాప్రోలాక్టోన్, కుళ్లే మరో ప్లాస్టిక్) మీద వేద్దామనుకునేవాళ్లకి ఒక మాట: అది 60 డిగ్రీల దగ్గర పూర్తిగా కరిగిపోతుంది. వెనక చల్లబరిచే ఏర్పాటు లేకుండా దాని జోలికి పోవద్దు.

4. ఎండబెట్టడం

కృష్ణా ఒడ్డున ఉన్న మనకి ఏడాదిలో సగం రోజులు గాలిలో తేమే. బల్ల మీద రెండు రోజులు పడి ఉన్న షీటుని నేరుగా చాంబర్‌లో పెడితే పంపు ఎంతసేపు తిరిగినా ప్రెషర్ 10⁻⁴ మిల్లీబార్ దగ్గరే మొండికేస్తుంది. "పంపు పాడైంది సార్" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం తడి షీటే.

- వాక్యూమ్ ఓవెన్‌లో 40-45 డిగ్రీలు, 12 నుంచి 24 గంటలు. 50 దాటనివ్వకండి.
- షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా విడివిడిగా వేలాడదీయండి.
- ఓవెన్ డయల్‌ని నమ్మకండి. షీటు పక్కనే వేరే థర్మామీటర్ పెట్టండి. పాత ఓవెన్లలో పది డిగ్రీల తేడా మామూలే.
- తీశాక సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో (తేమ చేరని మూత డబ్బాలో) పెట్టి, అదే రోజు వాడండి. జెల్ నీలం నుంచి గులాబీ రంగుకి తిరిగితే అది పనిచేయనట్టే.

5. శుభ్రం చేయడం

అసిటోన్, క్లోరోఫాం, డైక్లోరోమీథేన్ దగ్గరికి రానివ్వకండి. గాజు తుడిచిన సీసాతోనే ప్లాస్టిక్‌నీ తుడవడం వల్ల పాడైన షీట్లకి లెక్కలేదు. కాస్టిక్ లాంటి క్షారాలూ వద్దు, అవి పీఎల్ఏని కొరుకుతాయి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, అల్ట్రాసోనిక్ బాత్‌లో (ధ్వని కంపనాలతో శుభ్రం చేసే తొట్టిలో) మామూలు ఉష్ణోగ్రత దగ్గర మూడు నాలుగు నిమిషాలు పెట్టండి. తర్వాత నైట్రోజన్ ఊది ఆరబెట్టండి. ఇది అయ్యాక మళ్లీ ఓవెన్‌లో ఓ గంట పెడితే మంచిది.

పొడి గుడ్డతో రుద్దితే స్టాటిక్ పుట్టి గదిలో ఉన్న దుమ్మంతా షీటు మీదికే వస్తుంది. దుమ్ము రేణువు ఉన్నచోట లోహం దాని మీద పడుతుంది, తర్వాత రేణువు రాలితే అక్కడో సూదిబెజ్జం మిగులుతుంది. చేతికి పౌడర్ లేని నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. షీటు అంచుల్లోనే పట్టుకోండి.

6. ఉపరితలానికి పట్టు ఇవ్వడం

కొన్న ఫిల్మ్‌కి ఒకవైపు కరోనా ట్రీట్‌మెంట్ (పూత, సిరా పట్టేలా హై వోల్టేజ్ కరెంటు మెరుపుతో పైభాగాన్ని మార్చడం) అయి ఉండొచ్చు. ఏ వైపో తెలియాలంటే రెండు వైపులా ఒక్కో నీటి చుక్క వేయండి. ఎక్కువ పరుచుకున్న వైపు పూతకి పనికొస్తుంది.

అదీ లేకపోతే ప్లాస్మా (కరెంటుతో వెలిగేలా చేసిన వాయువు) ఇవ్వాలి. ఆక్సిజన్ లేదా ఆర్గాన్ ప్లాస్మా, తక్కువ పవర్, 30 నుంచి 60 సెకన్లు. మామూలు పీఎల్ఏ మీద నీటి చుక్క అంచు కోణం 75 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ట్రీట్‌మెంట్ తర్వాత 50 కిందికి రావాలి. ఫోన్‌ని బల్ల ఎత్తులో పక్కనుంచి పెట్టి ఫొటో తీసి కొలిస్తే చాలు, ఖరీదైన పరికరం అక్కర్లేదు. చుక్క పరీక్ష మాత్రం అదే ట్రేలో పెట్టిన ఒక చిన్న ముక్క మీద చేయండి, అసలు షీటు మీద కాదు.

ఎక్కువసేపు ఇస్తే ఎక్కువ పట్టు అనుకోవద్దు. ఐదు నిమిషాలు ప్లాస్మాలో ఉంచితే పైపొర గొలుసులు తెగి పొడిపొడిగా బలహీనమైన పొర తయారవుతుంది. లోహం దానికి గట్టిగానే అంటుకుంటుంది, కానీ ఆ పొరే షీటు నుంచి ఊడొస్తుంది.

ట్రీట్‌మెంట్ ప్రభావం నిలవ ఉండదు. అరగంటలోపు చాంబర్ మూసేయాలి. రేపు పూత వేద్దామనుకుంటే ప్లాస్మా కూడా రేపే.

7. బిగించడం

పట్టించుకోని వివరం ఇది. వాక్యూమ్‌లో గాలి ఉండదు కాబట్టి షీటుకీ వెనక ప్లేటుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా వేడి ప్లేటులోకి దిగదు. షీటు ప్లేటుకి నిండుగా ఆనుకోవాలి.

5 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు, దానిమీద షీటుని నాలుగువైపులా నొక్కిపట్టే ఫ్రేము, మూలలకి స్క్రూలు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా డ్రాయింగ్ ఇస్తే చేసిపెడతారు. రెండు విషయాలు గట్టిగా చెప్పండి: ప్లేటు పైభాగం కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి, అప్పుడే షీటు బిగుతుగా ఆనుతుంది. ప్లేటులో అక్కడక్కడ ఒక మిల్లీమీటరు రంధ్రాలు ఉండాలి, లేకపోతే వెనక చిక్కుకున్న గాలి పంపు మొదలవగానే షీటుని బుడగలా లేపుతుంది. తెచ్చాక కటింగ్ ఆయిల్ పోయేదాకా కడగండి. ప్లేటుకి అసిటోన్ వాడొచ్చు, షీటు బిగించకముందు మాత్రమే.

ఫ్రేము లేనివాళ్లు అంచులకి కాప్టాన్ టేపు (వేడికి, వాక్యూమ్‌కి తట్టుకునే పసుపు రంగు టేపు) వేస్తారు. తెల్ల సెల్లో టేపు వద్దు, దాని జిగురు వాక్యూమ్‌లో ఆవిరవుతుంది.

8. వేడి లెక్క ఒకసారి చేసి చూడండి

లోహపు ఆవిరి షీటు మీద గడ్డకట్టేటప్పుడు వేడి వదులుతుంది. అల్యూమినియం ఆవిరి గడ్డకట్టి చల్లారేసరికి గ్రాముకి సుమారు 12-13 కిలోజూళ్లు. మన 50 నానోమీటర్ల పొరలో చదరపు మీటరుకి 0.135 గ్రాములు, అంటే దాదాపు 1.7 కిలోజూళ్లు. 62 గ్రాముల పీఎల్ఏని ఒక డిగ్రీ వేడిచేయడానికి 75 జూళ్లు కావాలి. వెనక ఆనుకునేది ఏమీ లేకపోతే షీటు 22-23 డిగ్రీలు వేడెక్కుతుంది. ఫిలమెంట్ (లోహాన్ని కరిగించి ఆవిరి చేసే, కరెంటుతో కాలే తీగచుట్ట) నుంచి వచ్చే ఎర్రటి వేడి దీనికి అదనం.

ఏసీ గదిలో 25 దగ్గర మొదలైతే 48కి చేరుతుంది, పరవాలేదు. మే నెలలో ఏసీ ఆగిపోయిన ల్యాబులో 36 దగ్గర మొదలైతే 58. ఫిలమెంట్ వేడి కలిస్తే షీటు అప్పడంలా వంకర తిరుగుతుంది. ఒకే రెసిపీ జనవరిలో పనిచేసి ఎండాకాలంలో ఎందుకు చెడిందో ఇప్పుడు అర్థమైందిగా.

100 నానోమీటర్లు కావాలంటే ఒకే దెబ్బలో వేయకండి. 30 చొప్పున విడతలుగా, మధ్యలో పది నిమిషాలు ఆగి వేయండి. షీటు వెనక, వేడి దాటితే రంగు మారే స్టిక్కర్ ఒకటి అంటిస్తే వాదన ఉండదు. అది 50 దాటినట్టు చూపిస్తే దూరం పెంచండి లేదా విడతలు పెంచండి.

9. ఆవిరి పద్ధతి: వరసగా

1. టంగ్‌స్టన్ చుట్ట ఫిలమెంట్ తీసుకోండి. 99.99 శాతం శుద్ధమైన అల్యూమినియం తీగని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో చుట్టకి మడిచి తగిలించండి.

2. ఎంత తీగో లెక్క కట్టండి. ఫిలమెంట్ అన్ని వైపులా సమానంగా ఆవిరి చిమ్ముతుందనుకుంటే, 20 సెంటీమీటర్ల దూరంలో 50 నానోమీటర్లకి 68 మిల్లీగ్రాములు. 30 సెంటీమీటర్లకి 153. దూరం పెరిగితే షీటు అంచుల్లో పూత కూడా సమంగా పడుతుంది: 10 సెంటీమీటర్ల వెడల్పు షీటు అంచులో 20 దూరానికి 9 శాతం తగ్గితే, 30 దూరానికి 4 శాతమే తగ్గుతుంది. చోటుంటే 30 పెట్టండి.

3. పంపు నెమ్మదిగా తెరవండి. ఒక్కసారిగా లాగితే షీటు రెపరెపలాడి నలుగుతుంది.

4. 2×10⁻⁵ మిల్లీబార్ కిందికి వచ్చేదాకా ఆగండి. అక్కడ గాలి అణువు సగటున మూడు మీటర్లు అడ్డులేకుండా వెళ్తుంది, కాబట్టి లోహపు ఆవిరి దారిలో గుద్దుకోకుండా షీటు చేరుతుంది.

5. షటర్ (ఫిలమెంట్‌కీ షీటుకీ మధ్య ఉండే అడ్డు రేకు) మూసి ఉంచి కరెంటు మెల్లగా పెంచండి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగి ఫిలమెంట్‌ని తడిపేస్తుంది. ఈ సమయంలో ప్రెషర్ ఒకసారి ఎగిరి మళ్లీ దిగుతుంది. దిగేదాకా ఆగండి. తొందరపడి కరెంటు పెంచితే కరిగిన లోహం చిట్లి చుక్కలుగా పడి షీటుకి రంధ్రాలు చేస్తుంది.

6. షటర్ తెరిచి వేగంగా ముగించండి. సెకనుకి 1-2 నానోమీటర్లు, వీలైతే ఇంకాస్త ఎక్కువ. మెల్లగా వేస్తే రెండు నష్టాలు: లోపల మిగిలిన తేమతో అల్యూమినియం ఆక్సైడ్‌గా మారుతుంది, ఫిలమెంట్ వేడి షీటుకి ఎక్కువసేపు తగులుతుంది.

7. షటర్ మూయండి, కరెంటు తగ్గించండి, పావుగంట అలాగే వదిలేయండి.

కరిగిన అల్యూమినియం టంగ్‌స్టన్‌ని తినేస్తుంది, అందుకే ఫిలమెంట్ కొన్ని విడతలకే తెగుతుంది. కొత్తవి దగ్గర పెట్టుకోండి. గాజు బెల్ జార్ (గంట ఆకారపు గాజు చాంబర్) అయితే కళ్లద్దాలు, జార్ చుట్టూ గార్డు తప్పనిసరి.

మధ్యలో కరెంటు పోతే ముందు హై వాక్యూమ్ వాల్వ్, తర్వాత రోటరీ పంపు లైను మూయండి. లేకపోతే పాత పంపుల్లో ఆయిల్ వెనక్కి ఎక్కి చాంబర్ దాకా వస్తుంది. ఆ ఆయిల్ వదిలించుకోవడం కంటే పూత పోవడమే నయం. డిఫ్యూజన్ పంపు (వేడి ఆయిల్ ఆవిరితో పనిచేసే హై వాక్యూమ్ పంపు) ఉన్నచోట చల్లటి నీళ్ల మోటారుకి కూడా జనరేటర్ లైను ఉందో లేదో ముందే చూసుకోండి.

10. స్పట్టరింగ్ అయితే ఏం మారుతుంది

స్పట్టరింగ్ అంటే ఆర్గాన్ ప్లాస్మాతో లోహపు పలకని (టార్గెట్‌ని) కొట్టి, రాలిన పరమాణువులు షీటు మీద పడేలా చేయడం. పట్టు బాగుంటుంది, మందం అదుపులో ఉంటుంది. బదులుగా ప్లాస్మా వేడి తోడవుతుంది.

- ముందు 10⁻⁵ మిల్లీబార్ దాకా లాగి, తర్వాత ఆర్గాన్ వదిలి 5×10⁻³ దగ్గర నిలపండి.
- ఆర్గాన్ 99.999 శాతం శుద్ధత ఉండాలి. వెల్డింగ్ షాపు సిలిండర్ చవకే, కానీ దానిలోని తేమ, ఆక్సిజన్ అల్యూమినియాన్ని మసకబారుస్తాయి.
- షటర్ మూసి ఐదు నిమిషాలు టార్గెట్‌ని శుభ్రం చేయండి. వోల్టేజ్ కదలకుండా నిలిచేదాకా షీటు వైపు తెరవొద్దు.
- రెండంగుళాల టార్గెట్‌కి 30-50 వాట్లు చాలు. 30 సెకన్లు వేసి, ఒక నిమిషంన్నర ఆపి, మళ్లీ 30 సెకన్లు.

చాంబర్ అసలే లేని డిగ్రీ కాలేజీల వాళ్లకి ఒక దారి: ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉన్నచోట శాంపిళ్లకి బంగారం పూసే చిన్న కోటర్ ఉంటుంది. దానిలో 10-20 నానోమీటర్ల పూతతో బిగింపు, ప్లాస్మా, టేపు పరీక్ష అన్నీ ప్రాక్టీస్ చేయొచ్చు.

11. బయటికి తీయడం

వేడిగా ఉన్నప్పుడు గాలి వదలొద్దు. ముసురు పట్టిన రోజుల్లో గది గాలి బదులు పొడి నైట్రోజన్ వదలండి. ఫ్రేములోంచి తీసేటప్పుడు షీటుని ఒక మూల పట్టుకుని లాగకుండా నాలుగు స్క్రూలూ విప్పి ఫ్రేము పైకెత్తండి. చుట్టాల్సి వస్తే కనీసం మూడంగుళాల గొట్టానికి చుట్టండి. మడవకండి.

12. పరీక్షలు

వెలుతురు. చీకటి గదిలో ఎల్‌ఈడీ టార్చి ముందు పట్టండి. చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే సూదిబెజ్జాలు. 50 నానోమీటర్ల అల్యూమినియం దాటి వచ్చే వెలుతురు ఒక శాతం కంటే తక్కువ ఉండాలి.

టేపు. ఒక రోజు ఆగి చేయండి. బ్లేడుతో మిల్లీమీటరు దూరంలో అడ్డం నిలువు గీతలు లోహం వరకే గీసి, టేపు గట్టిగా నొక్కి, ఒకటిన్నర నిమిషం తర్వాత వెనక్కి మడిచి లాగండి. ఊడొచ్చిన గళ్ల కంటే టేపు మీద ఏముందో చూడటం ముఖ్యం. శుభ్రమైన మెరిసే లోహం వస్తే షీటు మీద జిడ్డో, ప్లాస్మా లోపమో. లోహం వెనక తెల్లటి పొడి అంటుకుని వస్తే ప్లాస్మా ఎక్కువైంది. గీతల అంచుల్లోనే కొంచెం లేస్తే వాడుకోవచ్చు.

కరెంటు. నాలుగు సూదుల ప్రోబ్ లేకపోతే, ఒక సెంటీమీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు ముక్క కోయండి. రెండు చివర్లా అల్యూమినియం ఫాయిల్ పెట్టి క్లిప్పులు బిగించి మల్టీమీటర్‌తో కొలిచి పదితో భాగించండి. 50 నానోమీటర్ల పొరకి పుస్తకం లెక్క 0.53 ఓమ్‌లు. పలుచటి పొర ఎప్పుడూ దానికంటే ఎక్కువే చూపిస్తుంది, ఒక ఓమ్ చుట్టుపక్కల వస్తే సంతోషించండి. ఐదు దాటితే పొర ఆక్సైడ్ అయినా అయ్యుండాలి, చిట్లిపోయి అయినా ఉండాలి.

తేమ. మూతి వెడల్పుగా ఉన్న గిన్నెలో ఎండు కాల్షియం క్లోరైడ్ పోసి, మూతికి షీటు మైనంతో అతికించి, రోజూ ఒకే వేళకి తూచండి. పక్కనే ఉత్త షీటు కట్టిన గిన్నె ఒకటి ఉండాలి. బరువు పెరిగే వేగంలో తేడాయే మీ ఫలితం. బలం, ఉష్ణ పరీక్షల లాంటివి బయట చేయించాలంటే గన్నవరం దగ్గర సూరంపల్లిలో సిపెట్ (ప్లాస్టిక్‌ల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఉంది. ఏ పరీక్షకి ఎంత పెద్ద ముక్క కావాలో ముందే కనుక్కుని పూత వేయండి.

13. ఇలా వస్తే ఇలా చేయండి

- పొర పాలలాగానో, బూడిదరంగుగానో ఉంది: వాక్యూమ్ చాలలేదు లేదా మరీ మెల్లగా వేశారు. షీటు మళ్లీ ఎండబెట్టి, వేగం పెంచండి.
- ముడతలు, అలల గీతలు: వేసేటప్పుడు షీటు వేడెక్కి సాగి, చల్లారాక ముడుచుకుంది. ప్లేటుకి ఆనడం లేదేమో చూడండి.
- సమాంతరంగా సన్నటి పగుళ్లు: తీసేటప్పుడు సాగింది. పగుళ్లకి అడ్డంగా ఏ వైపు లాగారో గుర్తుచేసుకోండి.
- ఒకవైపు చుట్టుకుంటోంది: పొర మందం ఎక్కువ లేదా షీటు పలచన. విడతలు పెంచినా తగ్గకపోతే మందం తగ్గించండి.
- వేలిముద్ర ఆకారంలో ఊడింది: దీనికి వివరణ అక్కర్లేదు.
- వారం తర్వాత మెరుపు తగ్గింది: తేమ. సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో పెట్టండి.

14. కంపోస్ట్ పరీక్ష, లేబుల్

అల్యూమినియం పొర తేమని అడ్డుకుంటుంది. ప్లాస్టిక్ కుళ్లడానికి ఆ తేమే కావాలి. కాబట్టి పూత వేసిన షీటు ఉత్త షీటు కంటే మెల్లగా కుళ్లొచ్చు, ముఖ్యంగా రెండువైపులా వేస్తే. ఒకవైపే వేయండి.

పెరట్లో గుంత తీసి పాతిపెట్టి చూడటం వల్ల పెద్దగా తేలదు. మామూలు నేలలో పీఎల్ఏ చాలా నెమ్మది. మాగిన కంపోస్ట్‌ని తడి చేసి, గాలి ఆడే డబ్బాల్లో నింపి, ఓవెన్‌లో 58 డిగ్రీల దగ్గర ఉంచండి. మూడు రకాల ముక్కలు పెట్టండి: ఉత్తది, ఒకవైపు పూత, రెండువైపులా పూత. వారానికోసారి తడి చూసి, తిరగేయండి. 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. జల్లెడ మీద మిగిలింది మొదటి బరువులో 10 శాతం మించకూడదు. ఇది ఈఎన్ 13432లో ముక్కలయ్యే పరీక్షకి ఉన్న గీటు. ఇంట్లో చేసింది సర్టిఫికెట్‌కి పనికిరాదు, బయటి ల్యాబుకి డబ్బు కట్టే ముందు మీకు ధైర్యం ఇస్తుంది.

అమ్మాలనుకుంటే మన దేశంలో ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రకారం పరీక్షలు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ కావాలి. షీటు అమ్మినవాళ్లు ఇచ్చిన కాగితం చూపించి ఊరుకుందాం అనుకోకండి. పూత, దానిమీద అతికించిన పొర, జిగురు, అచ్చు సిరా అన్నీ కలిసిన ప్యాకెట్‌నే పరీక్షకి పంపాలి. పంపేటప్పుడు పూత మందం, లోహం పేరు, చదరపు మీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో రాసిన కాగితం జతచేయండి. రెండో మెట్టులో వేసిన లెక్క ఇక్కడికి పనికొస్తుంది.